రెండు వేల రూపాయల తేనీరు



ఉద్యోగ విరమణ చేసిన మరుసటి యేడు, అనగా 2015లో, మా అమ్మాయిని చూడటానికి పారిస్ వెళ్ళాము. అక్కడ ఒకనాటి సాయంత్రం లాదురే అనే పేరుమోసిన పేస్ట్రీ అంగడిలో మా ఆవిడా నేనూ తేనీరు సేవించాము. బిల్లు 28 యూరోలు, నాటి మారకంలో దాదాపు 2,000 రూపాయలు. ఈ సంగతి ఇటీవల నలుగురు మిత్రుల మధ్య నోరుజారి చెప్పాను. ఇక చూడండి! ఒకాయన, "పంతులుగారూ, ఆ సొమ్ముతో మా ఇంటికి నాలుగు నెలల టీపొడి వస్తుంది" అన్నాడు. మరొకాయన ఇంకో మెట్టెక్కి, "ఇల్లాలిని హోటలులో కూర్చోబెట్టడం కూడా గొప్పగా చెప్పుకుంటారా?" అన్నాడు. మొదటి మాటకు నవ్వి ఊరుకునేవాణ్ణి. రెండవ మాటకు సమాధానం చెప్పక తప్పదు.

ముందుగా ఆ అంగడి పుట్టుపూర్వోత్తరాలు. 1862లో లూయీ ఎర్నెస్ట్ లాదురే అనే ఆయన రూ రోయాల్ వీథిలో 16వ నంబరు ఇంట రొట్టెల దుకాణం పెట్టాడు. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు నాళ్ళలో అది తగలబడింది. తిరిగి కట్టినప్పుడు పేస్ట్రీ అంగడి అయింది. ఆ రోజులలో పారిస్ కాఫీశాలలు పురుషుల సామ్రాజ్యాలు. మర్యాదస్తురాలైన స్త్రీ ఒంటరిగా వెళ్ళి అక్కడ కూర్చుంటే లోకం నోరు ఊరుకునేది కాదు. కాఫీశాలనూ పేస్ట్రీ అంగడినీ ఒకచోట కలిపితే ఆడవారు నిర్భయంగా వచ్చి కూర్చుంటారన్న ఊహ ఆ యింటి ఇల్లాలు ఝాన్ సూషార్‌కు కలిగిందని ఆ సంస్థ తన చరిత్రలో చెప్పుకుంటుంది. వారి భాషలో అటువంటి చోటును 'సలోన్ ద తే' అంటారు. తేనీటి సదనమన్న మాట.

వర్తకులు లాభాపేక్షతోనే ఆ పని చేశారనండి, కాదనను. ధర్మకార్యమని నేననలేదు. కానీ ఒక్క లెక్క చూడండి. ఫ్రాన్సు స్త్రీకి ఓటుహక్కు వచ్చింది 1944లో. భర్త అనుమతి లేకుండా తన పేర బ్యాంకు ఖాతా తెరిచే హక్కు ఆ దేశపు వివాహితకు వచ్చింది 1965 చట్టంతో. ఆ రెంటికంటే ఎంతో ముందుగా ఆమెకు దొరికినది ఊరి నడుమ ఒక కుర్చీ.

ఇక మా సంగతి. మా ఆవిడ గుడ్డు ముట్టదు. ఆ అంగడిలో ప్రసిద్ధమైన మకరాన్లలో బాదం పొడి, పంచదారతో పాటు గుడ్డు తెల్లసొన ఉంటుందని అమ్మాయి ముందే హెచ్చరించింది. కనుక పళ్ళెం నా వంతు, తేనీటి పాత్ర ఆవిడ వంతు అయింది. వీథి చివర మాదెలెన్ ఆలయం ఉంది. దాని చుట్టూ 52 మహాస్తంభాలున్నాయని చదివి ఉన్నాను. లెక్కించి రావాలని నాకు కుతూహలం. ఒంటరిగా ఎట్లా వదలడమని సందేహిస్తుంటే, "మీరు వెళ్ళి రండి. నేనిక్కడే ఉంటాను" అన్నది. ముప్పావుగంటకు తిరిగి వచ్చాను. ఆవిడ రెండవ కప్పు పోసుకుంటూ వచ్చేపోయే జనాన్ని చూస్తున్నది. నన్ను చూసి, "ఏమండీ, ఎంతసేపు కూర్చున్నా వీళ్ళు లేవమనరా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను నిలవనీయలేదు. ఫ్రెంచి వారు తేనీటిని 'తే' అంటారు. మన 'తేయాకు'లోని తే కూడా అదే మాట. చీనా రేవుల నుంచి ఓడలెక్కి ఇరుదేశాలకూ చేరింది. అయితే మా యింట 'తే' అన్నది నామవాచకం కాదు, విధ్యర్థక క్రియ. ముప్పై మూడేళ్ళు బడి నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ నేనన్న మొదటి మాట "టీ తే!" ఆవిడ తెచ్చేది. తన గ్లాసు వంటింట్లో నిలబడే తాగేది. పిల్లలకు విభక్తులూ సంధులూ నేర్పిన పండితుడికి ఇన్నేళ్ళూ ఈ సంగతి తోచలేదు.

"ఇల్లుండగా హోటలెందుకు?" అంటారు మిత్రులు. అయ్యా, మీకు ఇల్లు లేకనా నాలుగింటికి టీకొట్టు బల్ల మీద చేరుతున్నారు? రాజకీయాలూ, సాహిత్యమూ, ఊరి కబుర్లూ సమస్తం అక్కడేగదా! ఆ బల్ల మీద మీ ఇంటివారు ఒక్కనాడైనా కూర్చున్నారా? వెనుకటి హోటళ్ళలో 'ఫ్యామిలీ రూం' అని తెర కట్టిన గది ఉండేది. పక్కన మగతోడుంటేనే ఫ్యామిలీ. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి ఏ గదికీ చెందదు. నేడు పట్టణాలలో చల్లని గదుల కాఫీ దుకాణాలు వెలిశాయి, నిజమే. వాటిలో పడుచుపిల్లలు కూర్చుంటున్నారు, సంతోషం. కానీ అరవై యేళ్ళ నేతచీరె ఆవిడ ఒక్కతే వెళ్ళి గంటసేపు కూర్చుంటే ఎన్ని కళ్ళు అటు తిరుగుతాయో మీకు తెలియదా?

నా వాదానికి నేనే ఒక ఆక్షేపణ చెప్పుకోవాలి. ఆ సదనాలలో కూర్చున్నది డబ్బున్న దొరసానులే. వడ్డించిన వారు నిలబడే ఉన్నారు. అంగళ్ళలో పనిచేసే స్త్రీలకు, ఎందరుంటే అన్ని ఆసనాలు ఏర్పాటు చేయాలని ఫ్రాన్సు చట్టం చేసినది 1900 డిసెంబరులో. మన దేశంలో అటువంటి చట్టసవరణ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చేశాయి. బట్టల దుకాణాలలో పొద్దుగూకులూ నిలబడిన ఆడపిల్లలు పోరాడగా కేరళలో అది వచ్చింది. కనుక కుర్చీ సంగతి కొనేవారితో ముగిసిపోదు, అమ్మేవారి దాకా రావాలి. ఈసారి చీరెలు చూపించే పిల్లతో బేరమాడేటప్పుడు ఆమె వెనుక కూర్చోవడానికి ఏమైనా ఉందేమో చూడండి.

మిత్రులు రెండు వేల ఖర్చు వృథా అన్నారు. తేనీటి ఖరీదు అంత కాదని నాకూ తెలుసు. ఆ రుచి కూడా మా ఇంటి టీకి సాటిరాదు. నేను చెల్లించినది ఆ ముప్పావుగంటకు. అది పారిస్‌లో కొనవలసి రావడమే నాకు సిగ్గు. మన ఊళ్ళో పది రూపాయల టీకి దొరకవలసిన వస్తువది.

ఈ మాట నచ్చనివారు నన్ను తిట్టండి, సమాధానమిస్తాను. కానీ తిట్టేముందు ఒక పని చేయండి. రేపు నాలుగింటికి మీ ఇంట టీ మీరు కాచండి. గ్లాసు ఆవిడ చేతికిచ్చి, కూర్చోమని చెప్పండి. మా యింట ఆ పని నాదై తొమ్మిదేళ్ళు దాటింది. పంచదార ఎక్కువైందన్న ఫిర్యాదు ఇంకా అట్లాగే ఉన్నది.