బోర్డు పోయిందని చెప్పే ముందు

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్‌కు చార్జింగ్ ఎక్కడం మానేస్తే చాలు, మన ఊళ్లలో వినపడే మాట ఒక్కటే: "బోర్డు పోయింది." ఏ భాగం పోయిందో, ఆ సంగతి ఎలా తేలిందో చెప్పేవాళ్లు తక్కువ. విజయవాడలో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే బల్ల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా నాకు ఈ మాటతో పెద్ద పేచీ ఉంది. అది నమ్మి జనం అటక మీద పడేసినవాటిలో, పాత సామాన్లవాడికి ఇచ్చేసినవాటిలో బాగుపడేవి చాలా ఉంటాయి.

నింటెండో స్విచ్ సంగతే తీసుకుందాం. అది 2017 మార్చిలో మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో ఆ కంపెనీ దాన్ని నేరుగా అమ్మడం లేదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే పిన్ని సూట్‌కేసులో వస్తుంది, లేదంటే దిగుమతి సరుకు అమ్మే కొట్లో దొరుకుతుంది. ఎలా వచ్చినా ఇక్కడ వారంటీ ఆశ పెట్టుకోవడానికి లేదు. చెడిపోతే మాలాంటివాళ్లే దిక్కు.

దసరా సెలవుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు మనవరాలిని వెంటబెట్టుకుని, ఆమె స్విచ్ పట్టుకుని వచ్చారు. "ఇంకోచోట చూపించాం బాబూ. బోర్డు పోయిందట, కొత్తది కొనుక్కోమన్నారు" అన్నారు.

"మీటరు పెట్టి చూశారా మాస్టారూ?"

"విప్పనైనా విప్పలేదు."

చార్జరుకీ కన్సోల్‌కీ మధ్య చిన్న యూఎస్‌బీ మీటరు పెట్టి కేబుల్ గుచ్చాను. కరెంటు అంకె కదల్లేదు. అదే పిన్నును తిరగేసి గుచ్చాను. అయిదు వోల్టులు చూపించి, అంతలోనే పదిహేనుకు ఎగబాకింది. తెర మీద బ్యాటరీ గుర్తు వెలగగానే ఆ పిల్ల ముఖం చూడాలి! టైప్-సీ జాక్‌లో 24 కాంటాక్టులుంటాయి. చార్జరు, పరికరం ఎన్ని వోల్టులో తేల్చుకునేది వాటిలో రెండింటి ద్వారా. పిన్ను ఏ వైపు గుచ్చామన్నదాన్ని బట్టి ఒకటి పనిచేస్తుంది. ఒకవైపు ఎక్కి రెండోవైపు ఎక్కకపోతే ముందు అనుమానించాల్సింది జాక్‌నే. భూతద్దం కింద చూస్తే, జాక్ లోపలి సన్నటి పలక మీద ఒక కాంటాక్టు లేచి పక్కకు వంగిపోయి ఉంది. చార్జింగ్‌లో పెట్టి ఆడుతూ కేబుల్‌ని అడ్డంగా లాగితే అయ్యేది ఇదే. ఆ జాక్ ఖరీదు కొన్ని వందలు.

జాక్ దాకా పోకుండా ఇంట్లోనే తేలిపోయేవీ ఉన్నాయి. స్విచ్‌తో వచ్చే చార్జరు 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు ఇస్తుంది. ఇప్పుడు ఇంటినిండా టైప్-సీ కేబుళ్లే కనుక, మూలనున్న పాత ఫోను చార్జరు తగిలించి "ఎక్కట్లేదు" అంటారు. అయిదు వోల్టుల చిన్న చార్జరు పెట్టి పిల్లలు ఆడుతూనే ఉంటే, ఎక్కేదంతా అప్పటికప్పుడే ఖర్చయిపోతుంది. అమెరికా చార్జరుకు మన కరెంటుతో ఇబ్బంది లేదు, దాని మీదే 100-240 వోల్టులని రాసి ఉంటుంది. ఇబ్బందల్లా ఆ చదును పిన్నులతో. చవక కన్వర్టర్‌లో అవి వదులై ఊగుతుంటాయి. ముందు ఆ కన్వర్టర్ మార్చి చూడండి. చార్జరును రెండు చివరలా ఊడదీసి, అర నిమిషం ఆగి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లేకుండా గోడ ప్లగ్గులోనే పెట్టండి. అప్పటికీ కదలకపోతే పవర్ బటన్ 12 సెకన్లకు పైగా నొక్కిపట్టి వదిలేసి, మళ్లీ ఒకసారి నొక్కండి.

వేసవిలో వచ్చే కేసులు వేరు. పిల్లవాడు ఇంటర్లో చేరగానే కన్సోల్ బీరువాలోకి పోతుంది, ఎంట్రన్సులు అయ్యాక బయటికొస్తుంది. వాడకపోయినా ఆర్నెల్లకు ఒక్కసారైనా చార్జింగ్ పెట్టమని కంపెనీ చెబుతుంది. బ్యాటరీ పూర్తిగా అడుగంటితే మొదట్లో కరెంటు సన్నగా ఎక్కుతుంది, పావుగంటకు పైగా తెర మీద ఏమీ కనపడదు. అంతలోనే చచ్చిపోయిందని తేల్చేయకండి. మీ కళ్లెదురుగా, చల్లటి గదిలో కొన్ని గంటలు ఉంచండి. వెనక మూత ఉబ్బినా, తెర పైకి లేచినా మాత్రం చార్జరు జోలికి పోవద్దు, ఇంట్లో విప్పే ప్రయత్నమూ వద్దు.

ఇవన్నీ దాటాక మిగిలేది బోర్డు. అక్కడ కూడా చెడేది ఏదో ఒక ఐసీ, బోర్డంతా కాదు. వోల్టులు అయిదు దగ్గరే ఆగిపోతే ఎక్కువగా అనుమానం ఎం92టీ36 మీదికి పోతుంది. చార్జరుతో వోల్టుల లెక్క తేల్చుకునేది ఈ గోరంత ఐసీనే. 2018లో ఒక సిస్టమ్ అప్‌డేట్ తర్వాత బయటి కంపెనీల డాక్‌లలో (టీవీకి కలిపే స్టాండ్లలో) పెట్టిన స్విచ్‌లు చచ్చిపోతున్నాయని చాలా దేశాల్లో గోల పుట్టినప్పుడు అందరి నోటా నానింది ఈ ఐసీ పేరే. ఫ్లక్స్ పూసి, హాట్ ఎయిర్‌తో ఎత్తి, కొత్తది కూర్చోబెట్టగల కుర్రాళ్లు గుంటూరులో ఉన్నారు, ఏలూరులో ఉన్నారు. వాళ్ల చేతికి అందనివి బోర్డు స్కీమాటిక్ (సర్క్యూట్ పటం), నికార్సయిన పార్టు. పనికిరాని బోర్డుల మీంచి పీకిన ఐసీలతో పని నడిపించాల్సి వస్తోంది. పైపెచ్చు మామూలు స్క్రూడ్రైవర్ పట్టని మూడు రెక్కల స్క్రూలు, జిగురుతో అంటించిన బ్యాటరీలు. కొన్నవాడి వస్తువును కొన్నవాడే విప్పుకోకుండా చేసే ఈ పద్ధతి నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇది మార్చలేనిదేమీ కాదు. వాల్వ్ కంపెనీ 2022లోనే తన చేతి గేమ్ కన్సోల్ స్టీమ్ డెక్ విడిభాగాలను ఐఫిక్సిట్ అనే రిపేరు సంస్థ ద్వారా అందరికీ అమ్మకానికి పెట్టింది. యూరప్‌లో 2024 డిసెంబరు 28 నుంచి చేతి గేమ్ కన్సోళ్లకు కూడా టైప్-సీ తప్పనిసరి. 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీ కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న నియమం అక్కడ అమల్లోకి వస్తుంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాల పేర్లు చెప్పింది. మంచిదే. గేమ్ కన్సోల్ పేరు విడిగా అందులో లేదు.

ఆ శాఖను నేను కోరేది ఇది: చేతి గేమ్ కన్సోళ్లను కూడా ఆ జాబితాలో చేర్చండి. ఇక్కడ అమ్మే ప్రతి కన్సోల్‌కూ జాక్, బ్యాటరీ, చార్జింగ్ ఐసీ విడిగా దొరకాలని, స్కీమాటిక్ ఇవ్వాలని నియమం పెట్టండి. తల్లిదండ్రులకు ఒక మాట. రిపేరు కొట్టుకు వెళ్లినప్పుడు మీటరు మీ ముందే పెట్టించండి, ఏ భాగం పోయిందో చీటీ మీద రాయించుకోండి. రాయనంటే వస్తువు వెనక్కి తీసుకుని ఇంకో కొట్టుకు వెళ్లండి.