తెలుగు ఏకారము – అవధారణ విచారము

సంస్కృతమున ‘ఏవ’కు వలెనే తెలుగున ఏకారమునకును అవధారణము అర్థమని చెప్పి, మన ప్రాచ్యకళాశాలలలో పాఠమును ముగించుట కలదు. అది చాలదని నా అభిప్రాయము.

‘ఏవ’ శబ్దము విశేషణముతో చేరినచో అయోగవ్యవచ్ఛేదమును, విశేష్యముతో చేరినచో అన్యయోగవ్యవచ్ఛేదమును, క్రియతో చేరినచో అత్యంతాయోగవ్యవచ్ఛేదమును తెలుపునని ధర్మకీర్తి విభజించెను. భద్రాచలపు గోదావరి రేవున వినవచ్చు మాటలకు దీనిని అన్వయించి చూతము. ‘పడవే నిన్న వచ్చింది’ అన్నచో మఱియొక వాహనము రాలేదని భావము. ఇది అన్యయోగవ్యవచ్ఛేదము. ‘పడవ నిన్ననే వచ్చింది’ అన్నచో వేఱు దినము కాదనియు, సందర్భమును బట్టి అనుకొన్నదానికంటె ముందే వచ్చినదనియు రెండర్థములు. ‘పడవ రానే వచ్చింది’ అన్నచో వక్త యెదురుచూపు, సందేహనివృత్తి ధ్వనించును. అత్యంతాయోగవ్యవచ్ఛేదము ‘రాకపోలేదు’ అనుటతో నిలుచును. ఆ యెదురుచూపు దానికి అందదు.

ఇంట కోయభాష మాటాడుచు తెలుగును బడిలో నేర్చిన మన్యపు విద్యార్థికి ‘అవధారణార్థకము’ అను సంజ్ఞమాత్రము ఈ భేదములను బోధింపజాలదు. ఒకే వాక్యమున ఏకారమును పదమునుండి పదమునకు మార్చి, అర్థమెట్లు మాఱెనో వానిచేత చెప్పింపవలెను. పరీక్షాపత్రమునందును నిర్వచనమునకు బదులు ఇట్టి వాక్యభేదములనే అడుగుట మేలు.