దిగబడిన యంత్రాన్ని లాగే వించ్ తాడు: ఉక్కుదా, సింథటిక్‌దా? కొనేముందు చూడాల్సినవి

వరి కోతల వేళకే తుపాన్లు రావడం తెలుగు రైతులకు కొత్త కాదు. 2023 డిసెంబర్ 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా పైరు చేతికొచ్చే రోజుల్లోనే పొలాలను ముంచాయి. మొంథా వానలు వరంగల్ దాకా కురిశాయి. ఇలాంటప్పుడు రైతు ఇరకాటంలో పడతాడు. ఆగితే పడిపోయిన పైరులో గింజ మొలకెత్తుతుంది, ఆగకుండా కోత యంత్రాన్ని దింపితే చేలో దిగబడుతుంది.

ఇంకోవైపు ట్రాక్టర్లు, కోత యంత్రాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. యంత్రం కొనడం కొంత తేలికైంది. కానీ దిగబడితే దాన్ని బయటకు ఎలా లాగాలన్న విషయం కొనేటప్పుడు ఎవరూ ఆలోచించరు. చేతికి దొరికిన గొలుసో, లారీ మీద సరుకు కట్టే ప్లాస్టిక్ మోకో, పోగులు లేచిన పాత వైరు తాడో వాడేస్తారు. ప్రాణాలు పోయేది ఇక్కడే. ఇప్పుడు వించ్‌లకు సింథటిక్ తాళ్లు కూడా దొరుకుతున్నాయి. అవి ఎవరికి పనికొస్తాయో, ఎవరికి అక్కర్లేదో చూద్దాం.

ముందు బరువు లెక్క వేసుకోండి

బురదలో ఉన్న యంత్రాన్ని లాగడానికి దాని బరువుకు సరిపడా బలం చాలదు. సైనిక వాహనాలను బయటకు తీసేవారు పాటించే ఒక మోటు లెక్క ఉంది. చక్రాల మేర దిగబడితే వాహనం బరువుకు సమానమైన బలం కావాలి. మడ్‌గార్డుల దాకా మునిగితే రెండు రెట్లు, క్యాబిన్ దాకా మునిగితే మూడు రెట్లు కావాలి.

45 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టర్ బరువు సుమారు 2 టన్నులు. చక్రాలు మాత్రమే దిగితే 2 టన్నుల లాగుడు, మడ్‌గార్డు దాకా దిగితే 4 టన్నులు అవసరం. చక్రాల కోత యంత్రం బరువు 7, 8 టన్నుల దాకా ఉంటుంది. అది మడ్‌గార్డుల దాకా కూరుకుపోతే 15 టన్నుల పైమాటే. అంత బలాన్ని ఒక్క తాడు మీద పెట్టడం తెలివైన పని కాదు. చక్రాల ముందు మట్టి తవ్వి వాలు చేసి, పలకలు వేసి, నీరు బయటకు పంపితే కావాల్సిన బలం బాగా తగ్గుతుంది. అందుకే పార పని ముందు, తాడు పని తర్వాత.

సింథటిక్ అంటే ఏది?

సింథటిక్ తాళ్లన్నీ ఒకటి కావు. పేరు ఒకటే అయినా పని వేరు.

పాలీప్రొపిలీన్: సంతలో దొరికే నీలం, పసుపు రంగు ప్లాస్టిక్ తాడు ఎక్కువగా ఇదే. ధర తక్కువ, బలమూ తక్కువ. ఎండకు త్వరగా పెళుసుబారుతుంది. గడ్డి కట్టలు కట్టుకోవడానికి సరే, యంత్రాన్ని లాగడానికి వద్దు.

నైలాన్: బాగా సాగుతుంది. కదులుతున్న వాహనంతో ఊపుగా లాగే పట్టీలు దీనితో చేస్తారు. వించ్ డ్రమ్ము మీద చుట్టడానికి పనికిరాదు. సాగిన తాడులో నిండిన శక్తి తెగిన క్షణంలో ఒక్కసారిగా బయటకు వస్తుంది. తడిస్తే బలం కూడా కొంత తగ్గుతుంది.

హెచ్‌ఎంపీఈ: వించ్‌కు కావాల్సింది ఇదే. డైనీమా, స్పెక్ట్రా అనే పేర్లతో వచ్చే దారంతో 12 పాయలుగా అల్లుతారు. సాగడం చాలా తక్కువ. నీరు పీల్చదు, తుప్పు పట్టదు, నీటిపై తేలుతుంది.

ఉక్కు తాడుతో పోలిక

10 మిల్లీమీటర్ల ఉక్కు తాడు సుమారు 6 టన్నుల వద్ద తెగుతుంది. అంతే మందం ఉన్న మంచి హెచ్‌ఎంపీఈ తాడు తయారీని బట్టి 8 నుంచి 10 టన్నుల దాకా తట్టుకుంటుంది. 30 మీటర్ల ఉక్కు తాడు 11, 12 కిలోలు తూగితే ఇది 2 కిలోల లోపే ఉంటుంది. మోకాలి లోతు బురదలో కొక్కెం పట్టుకుని నడిచే మనిషికి ఈ తేడా బాగా తెలుస్తుంది. తెగిన ఉక్కు పోగులు అరచేతిలో గుచ్చుకునే బాధ కూడా ఉండదు.

అయితే తెగే బలం, పనిచేసే బలం ఒకటి కావు. తెగే బలంలో మూడో వంతుకు మించి లాగకపోవడం మంచిది. ఆ లెక్కన 10 మిల్లీమీటర్ల ఉక్కు తాడుతో 2 టన్నులు, హెచ్‌ఎంపీఈ తాడుతో 3 టన్నుల వరకు లాగవచ్చు. అంటే మడ్‌గార్డు దాకా దిగిన మామూలు ట్రాక్టర్‌కు కూడా ఒంటి తాడు చాలదు. పక్కలు తెరుచుకునే కప్పీ ఒకటి ట్రాక్టర్‌కు తగిలించి, తాడును దాని మీదుగా వెనక్కి తెచ్చి గట్టి ఆధారానికి కట్టాలి. లాగే బలం దాదాపు రెట్టింపు అవుతుంది, వేగం సగమవుతుంది. కప్పీ తగిలించిన చోట మాత్రం రెట్టింపు భారం పడుతుంది. కప్పీ, షాకిల్, తగిలించే కొక్కెం ఆ భారానికి తగ్గవి కావాలి.

సింథటిక్ తాడుకు మూడు శత్రువులు

మొదటిది ఇసుక, ఒండ్రు మట్టి. అల్లిక సందుల్లోకి చేరిన రేణువులు లాగిన ప్రతిసారీ దారాలను లోపలి నుంచి కోస్తాయి. పని అయ్యాక తాడు మొత్తం విప్పి, మంచినీటితో కడిగి, నీడలో ఆరబెట్టి చుట్టాలి. ఈ ఓపిక లేనివారికి ఉక్కు తాడే నయం.

రెండోది వేడి. హెచ్‌ఎంపీఈ దాదాపు 150 డిగ్రీల వద్ద కరుగుతుంది. 70 డిగ్రీల దగ్గరే బలం తగ్గడం మొదలవుతుంది. కొన్ని ఎలక్ట్రిక్ వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువును తాడుతో కిందికి వదిలేటప్పుడు ఆ డ్రమ్ము కాలిపోయేంత వేడెక్కుతుంది. మీ వించ్‌కు సింథటిక్ తాడు సరిపోతుందా అని అమ్మేవారిని అడిగి, రాసి ఉన్న కాగితం చూడండి. సైలెన్సర్‌కు తాడు తగలకూడదు.

మూడోది పదును. ఇన్నాళ్లూ ఉక్కు తాడు నడిచిన రోలర్లకు గాట్లు పడి ఉంటాయి. వాటి మీదుగా కొత్త తాడు నడిపితే కొద్ది రోజుల్లోనే పోగులు లేస్తాయి. తాడు మార్చితే దాన్ని నడిపే ముక్కు కూడా మార్చాలి. నునుపైన అల్యూమినియం ముక్కు వేయించి, డ్రమ్ము అంచులకు ఆకురాయి పట్టించాలి. గట్టు రాళ్లు, సిమెంటు కాలువ అంచులు తగిలేచోట తాడు కింద మందపాటి గోనె వేయాలి.

ముడి వేయవద్దు. హెచ్‌ఎంపీఈ జారుడు గుణం వల్ల ముడి జారిపోతుంది, నిలిచినా బలం సగానికి పడిపోతుంది. కొనను తాడు లోపలికే దూర్చి అల్లించాలి. దూర్చే పొడవు తాడు మందానికి సుమారు 70 రెట్లు, అంటే 10 మిల్లీమీటర్ల తాడుకు 70 సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి.

ఎవరికి అవసరం?

చేతితో లివర్ ఆడించే టిర్ఫర్ రకం లాగుడు యంత్రం ఉన్నవారు సింథటిక్ తాడు కొనవద్దు. దాని దవడలు ఉక్కు తాడును పట్టుకునేలా చేసినవి, ఆ యంత్రానికి చెప్పిన తాడు తప్ప మరొకటి పట్టవు. ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగబడే చిన్న రైతుకు కూడా ఈ ఖర్చు దండగే. ఐఎస్ 2266 ప్రమాణం ఉన్న ఉక్కు తాడు, మంచి షాకిల్ చాలు.

ఊరూరా తిరిగే కోత యంత్రాల యజమానులు, అద్దె యంత్ర కేంద్రాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు మాత్రం ఆలోచించవచ్చు. ధర ఉక్కు తాడుకు కొన్ని రెట్లు ఉన్నా, పదిమందికి పనికొచ్చే సామగ్రిగా భారం పంచుకోవచ్చు. కొనేటప్పుడు తెగే బలం, మందం, తయారీదారు పేరు రాసిన ధ్రువపత్రం అడగండి. ఈ రకం తాళ్లకు ఐఎస్‌ఓ 10325 ప్రమాణం ఉంది. నీటిలో వేసి తేలుతోంది కాబట్టి అసలుదే అనుకోవద్దు, చౌక పాలీప్రొపిలీన్ తాడు కూడా తేలుతుంది.

తాడు ఏదైనా ఇవి తప్పనిసరి

1. సింథటిక్ తాడు తెగినా ప్రమాదం ఉండదన్నది అపోహ. తాడు తేలికే గానీ దాని చివరి కొక్కెం, షాకిల్ గుండులా దూసుకొస్తాయి. తాడు మధ్యలో తడి గోనె సంచి వేసి, తాడు పొడవుకు మించిన దూరంలో అందరినీ నిలబెట్టండి. పిల్లలను గట్టు మీదకు కూడా రానివ్వవద్దు.

2. మరో ట్రాక్టర్‌తో లాగితే తాడును దాని వెనుక డ్రాబార్‌కే, కిందనే కట్టండి. టాప్ లింక్‌కో, యాక్సిల్ పైనో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. ఇది రెప్పపాటులో జరుగుతుంది, డ్రైవర్‌కు దూకే సమయం ఉండదు.

3. దిగబడిన ట్రాక్టర్ వెనుక చక్రాలకు దుంగ కట్టి క్లచ్ వదిలే అలవాటు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చక్రం తిరగలేనప్పుడు ట్రాక్టరే యాక్సిల్ చుట్టూ తిరుగుతుంది.

4. పోగులు లేచిన, కరిగి గట్టిపడిన, రంగు వెలిసి బిరుసెక్కిన తాడును కోసి పారేయండి. ఉంచితే ఇంకొకరు వాడతారు.

కోతకు వారం, పది రోజుల ముందు నీరు తీసేసి, పొలానికి మురుగు కాలువ వేసుకోవడం అన్నిటికంటే చౌక ఉపాయం. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఆ కాలువతో పాటు తాడు, షాకిల్, కప్పీ, గోనె సంచి ఒకచోట సిద్ధంగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.