మా ఇల్లూ, పది అంగుళాలూ, ఒక టిక్కూ

వారం రోజులుగా ఒక దరఖాస్తు సగంలో ఆపి కూర్చున్నాను. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కోసం. అన్నీ నింపేశాను, ఫోటోలు ఎక్కించాను. ఇక మిగిలింది ఒక్కటే, "ఆమోదించిన ప్లాను ప్రకారమే ఇల్లు కట్టాను" అని టిక్కు పెట్టడం. రోజుకి ఎన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్సు ఒప్పందాలకి చదవకుండా 'ఐ యాక్సెప్ట్' కొట్టలేదు? కానీ దీని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎందుకో చెప్పాలంటే మొదట్నించీ రావాలి.

హైదరాబాదు శివార్లలో మాకో 200 గజాల జాగా ఉంది. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుల్తో కొన్నది. 2023లో ఇల్లు మొదలుపెట్టాం. నాన్నకి మున్సిపాలిటీ అంటే ఖమ్మంలో ఇల్లు కట్టినప్పటి అనుభవమే. బల్లల చుట్టూ తిరగడం, "రేపు రండి". నేనేమో గొప్పగా చెప్పాను, "ఇప్పుడు అవన్నీ లేవు నాన్నా, అంతా ఆన్‌లైన్" అని.

నిజమే కూడా. తెలంగాణలో 2020లో చట్టం తెచ్చి బీపాస్ పెట్టారు. 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తులోపు కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. దాదాపు 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా అయితే మన హామీ మీదే అప్పటికప్పుడు అనుమతి. ఆ పైన పెద్దవాటికి 21 రోజుల గడువు. మాకు రాత్రి తొమ్మిదింటికి ఫీజు కడితే తొమ్మిదింపావుకి అనుమతి పత్రం చేతిలో ఉంది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి "సంతకం ఏదిరా?" అన్నారు.

అయితే ఆ పత్రం రాకముందే ఒక దెబ్బ తగిలింది లెండి. మా లేఅవుట్ పాతది, ముందు రోడ్డు 25 అడుగులు. రూలు ప్రకారం 30 అడుగులుండాలి. అంటే రోడ్డు మధ్యనించి 15 అడుగులు కొలిచి, అందులోకి వచ్చిన మన జాగా వదిలెయ్యాలి. రెండున్నర అడుగులు ఇంటూ ముప్ఫై ఆరు, సరిగ్గా పది గజాలు. ఉచితంగా, పైగా మనమే మున్సిపాలిటీ పేరున రాసివ్వాలి. నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అదయ్యాక ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున సెట్‌బ్యాక్. 1800 చదరపు అడుగుల జాగాలో ఇంటికి మిగిలింది సుమారు 1150. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కాబట్టి కింద బెడ్‌రూమ్ తప్పదు. హాలు చిన్నదైంది.

ఇక్కడ మేస్త్రి రంగప్రవేశం చేశాడు. "మీటరు ఎవరు ఇడుస్తున్నరు సార్? గల్లీల ఒక్క ఇల్లు సూపియ్యుండ్రి." నేను నిజంగానే చూశాను. పద్నాలుగు ఇళ్ళుంటే మీటరు వదిలినవి రెండు. పక్కింటాయన గోడ మా హద్దు మీదే ఉంది, కిటికీ తెరిస్తే రెక్క మా జాగాలోకి వస్తుంది. మంచాయన, సంక్రాంతికి అరిసెలు పంపిస్తారు, అది వేరే సంగతి.

మనవాళ్ళతో నాకున్న పేచీ ఇక్కడే. మన ఆఫీసుల్లో భోజనాల దగ్గర గవర్నమెంటుని తిట్టని రోజుండదు. లంచాలనీ, ఫైళ్ళు కదలవనీ. సరే, ఫైలే లేకుండా చేశారు. నీ మాట నమ్ముతాం, నువ్వే చెప్పు అన్నారు. మనం చేసిందేమిటి? అనుమతికి ఒక ప్లాను, మేస్త్రికి ఒక ప్లాను. నాకు తెలిసిన సాఫ్ట్‌వేర్ మిత్రుల్లోనే నలుగురు ఇలా కట్టారు. వాళ్ళే కోడ్ రివ్యూలో చిన్న స్పేసు ఎక్కువైతే ఒప్పుకోరు! అనుమతిచ్చాక 21 రోజుల్లో పత్రాలూ జాగా సరిచూస్తారు, తప్పుంటే రద్దు చేస్తారు. అప్పటికి పునాది కూడా పూర్తికాదు. అసలు తేడా వచ్చేది స్లాబు పడ్డాకే కదా. టెస్టింగ్ అంతా కోడ్ రాయకముందే పూర్తయిందన్నమాట.

తప్పంతా జనానిదే అంటే మళ్ళీ అన్యాయం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ, 2015లో తెలంగాణలో ఇంకోటి. లేఅవుట్లకి 2015లో ఒకటి, మళ్ళీ 2020లో. ఆ 2020 దానికి 25 లక్షలకి పైగా దరఖాస్తులొచ్చాయి, 2025లో 25 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. బట్టల కొట్టు ఆషాఢం సేల్ లాగా. ఐదారేళ్ళు ఓపిక పడితే క్షమాపణ డిస్కౌంటులో దొరుకుతుందని తెలిసినవాడు మీటరు ఎందుకు వదులుతాడు? పది గజాలు ముందే రాసిచ్చిన మా నాన్నకి తగ్గింపు ఎవరిస్తారు? చట్టంలో మాత్రం తప్పుడు హామీ ఇచ్చి కడితే నోటీసు లేకుండా కూల్చొచ్చని ఉంది. అంత పెద్ద కర్ర పట్టుకుని పదమూడేళ్ళకి నాలుగుసార్లు మాఫీ చేస్తే కర్రకి విలువేం ఉంటుంది. నన్నడిగితే కూల్చడాలూ వద్దు, మాఫీలూ వద్దు. పునాది దశలో ఒకసారి, మొదటి స్లాబుకి ముందొకసారి ఒక మనిషి టేపు పట్టుకుని వస్తే చాలు. ఖర్చు అప్పుడు వేలల్లో ఉంటుంది, తరువాత లక్షల్లో.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా ఇంటికి ఎవరూ టేపు పట్టుకుని రాలేదు కాబట్టి. నేను కూడా. మీటరు మీటరే అని మేస్త్రితో పోట్లాడి వదిలించాను, బానే ఉంది. పై అంతస్తు స్లాబు పోసిన వారం రిలీజు ఉండి సైటుకి పోలేదు. మొన్న దరఖాస్తుకని కొలిస్తే మెట్ల ల్యాండింగు పక్క సెట్‌బ్యాక్‌లోకి పది అంగుళాలు వచ్చింది. మీటరంటే ముప్ఫై తొమ్మిది అంగుళాలు. అందులో పది! "మీ అమ్మగారికి తిరగనీకి మంచిగుంటదని జర పెంచిన సార్" అన్నాడు మేస్త్రి. కోప్పడదామంటే అమ్మ పక్కనే ఉంది, "పాపం మంచికే చేశాడుగా" అంటూ.

ప్లాను గీసిన ఇంజనీరు "టిక్కు పెట్టెయ్యండి సార్, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. మా ఆవిడ అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పింది. నాన్న మాత్రం ఏమీ అనలేదు. అనుమతి పత్రం ఉన్న ఫైలు తెచ్చి నా ముందు పెట్టి, నడవడానికి వెళ్ళిపోయారు.

నిన్న పొద్దున కటింగ్ మిషన్‌తో ఇద్దరొచ్చారు. పద్దెనిమిది వేలు, దుమ్ము అదనం. రైలింగు జరిపి మళ్ళీ బిగించడం వేరే. పక్కింటాయన కిటికీ తెరిచి, రెక్క మా జాగాలోకి వచ్చాక తల బయటపెట్టి అడిగారు, "ఏమైంది సార్, మేస్త్రి ఏమన్నా తప్పు కట్టిండా?"