ఇంట ఒడంబడిక, న్యాయస్థానమున ముద్ర

ఓడినవాడు కోర్టులో ఏడ్చును, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చునని మనవారు చెప్పుకొను మాట భూమి తగవులకంటె సంసారపు తగవులకే ఎక్కువగ వర్తించును. గట్టు తగవున పోవునది ధనము. దాంపత్యపు వ్యాజ్యమున తలిదండ్రులు పరస్పరము వేసికొను నిందలన్నియు రికార్డున కెక్కి, బిడ్డలు పెరిగి పెద్దవారైన పిదపను నిలిచియుండును. కలసి బ్రదుకుట అసాధ్యమైనపుడు, విడిపోవుటయందైనను మర్యాద పాటింపవలదా?

సమ్మతితో విడిపోవుట పాశ్చాత్యులనుండి సంక్రమించిన జాడ్యమని కొందరందురు. అది పొరపాటు. ధర్మ్యవివాహములకు విడుదల లేదనిన కౌటిల్యుడే, తక్కిన వివాహములయందు పరస్పరద్వేషమును విడుదలకు చాలిన కారణముగ అంగీకరించెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము కులాచారసిద్ధమైన విడాకులను త్రోసివేయలేదు. 1976లో చేర్చిన 13-బి విభాగము, ఏడాదికి తక్కువగాక వేరుగ నున్న దంపతులు ఉభయసమ్మతితో విడిపోవు మార్గమును హిందువులందరికిని కల్పించినది. అర్జీకిని తీర్పునకును నడుమ ఆరునెలల గడువు కలదు. తగిన సందర్భములందు దానిని సడలింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు నిర్ణయించినది.

కావున మనోవర్తి, స్త్రీధనము, బిడ్డల పోషణ, వారిని చూచిపోవు హక్కు, ఇవన్నియు పెద్దలయొక్కయు వకీళ్లయొక్కయు సమక్షమున ఇంటనే తేల్చుకొనుట ఉత్తమము. కాని అంతటితో పని ముగిసినదని తలచుట ప్రమాదము. ఆచారము రుజువైననే తప్ప, స్టాంపు కాగితముపై వ్రాసికొన్న విడాకుల పత్రము వివాహబంధమును త్రెంపజాలదు. దానిని నమ్మి మరల పెండ్లాడినచో ఆ పెండ్లి చెల్లదు సరికదా, నేరము కూడ నగును. ఏమియు నెరుగక ఆ యింట అడుగిడిన రెండవ స్త్రీ గతి యేమి?

ఇంకొక్క మాట. పదిమంది మగవారి నడుమ ఒంటరిగ కూర్చుండబెట్టి, పుట్టింటివారి పరువు పేరు చెప్పి చేయించిన సంతకము సమ్మతి కానేరదు. తీర్పు వెలువడువరకును సమ్మతి నిలిచియుండవలెననియు, ఈలోగా దానిని ఉపసంహరించుకొను హక్కు ఇరువురకును కలదనియు 1991లోనే సుప్రీంకోర్టు చెప్పినది. ఆ హక్కును ఆమెకు ముందుగ తెలుపుట పెద్దల విధి.

తగవు తీర్చబోవు పెద్దలారా! కాగితము వ్రాయించుటకు ముందు ఆమెను వేరుగ పిలిచి అడుగుడు. ఆమె ఔనన్న పిదపనే వ్రాయింపుడు. వ్రాయించినదానిని న్యాయస్థానమునకు చేర్పుడు.