కిటికీకి రెండో అద్దమా? ముందు నీడ కావాలి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలోనే కాక చుట్టుపక్కల పల్లెలలోనూ కొత్త ఇళ్ళకు చెక్క కిటికీలు తగ్గిపోతున్నాయి. పక్కకు జరిపే అద్దాల కిటికీలు వస్తున్నాయి. టేకు కొనలేము, తక్కువ రకం కర్రకు చెదలు పడుతుంది. కనుక ఇల్లు కట్టుకునేవారిని తప్పుపట్టడానికి లేదు. అయితే ఒక అద్దానికి బదులు రెండద్దాల కిటికీ పెట్టించుకుంటే ఇల్లు చల్లగా ఉంటుందనే మాటను నమ్మి అప్పు చేసేవారు మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి.

రెండద్దాల కిటికీ చలి దేశాల అవసరం. అక్కడ బయట మంచు, ఇంట్లో పొయ్యి. ఆ వేడి బయటికి పోకుండా రెండు అద్దాల నడుమ అరంగుళం మేర గాలిని బంధిస్తారు. కదలని గాలి వేడిని త్వరగా సాగనివ్వదు. నాలుగడుగుల చదరపు కిటికీకి లోపల, బయట 10 డిగ్రీల తేడా ఉంటే ఒంటి అద్దం గుండా సుమారు 85 వాట్ల వేడి పోతుంది. రెండద్దాలైతే 40 వాట్లు. సగానికి తగ్గిన మాట నిజమే.

కాని మనకు వచ్చిన చిక్కు వేరు. మన బాధ గాలి వేడితో కంటే అద్దం మీద నేరుగా పడే ఎండతో ఎక్కువ. అదే కిటికీ పడమటి గోడకు ఉంటే సాయంత్రం నాలుగు గంటల వేళ 600 వాట్లకు పైగా వేడి లోపలికి దూరుతుంది. గదిలో ఇస్త్రీ పెట్టె పెట్టి వదిలేసినట్లే. రెండో అద్దం ఇందులో ఆపేది పదోవంతుకు కాస్త ఎక్కువ, అంతే. పైగా లోపలా బయటా 10 డిగ్రీల తేడా ఏసీ ఉన్న గదికే కాని, ఫ్యానుతో, తెరిచిన కిటికీతో గడిపే ఇంటికి ఎక్కడిది? ఏసీ పెట్టుకున్నవారు రెండద్దాలు వేయించుకుంటే కరెంటు బిల్లు కొంత తగ్గవచ్చు. మిగతావారికి అది వృథా ఖర్చు.

ఎండను అద్దానికి తగలకముందే ఆపాలి. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ చాలు. పడమట సూర్యుడు కిందికి వాలి వస్తాడు గనుక సజ్జ ఒక్కటే సరిపోదు. బయట తడకో, చెక్క రెక్కలో, వేపచెట్టో ఉండాలి. లోపల కట్టే పరదా ఎండ లోపలికి వచ్చిన తరువాత పనిచేసేది. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. జరిపే కిటికీ సగమే తెరుచుకుంటుంది. రాత్రి చల్లగాలి వచ్చే దారి కూడా సగమే. పాత రెక్కల కిటికీకి ఈ లోపం లేదు.

కిటికీ కంటే పెద్ద శత్రువు నెత్తిమీద ఉన్నది. మన మట్టి మిద్దెలు పగటి ఎండను తొందరగా లోపలికి దించేవి కావు. ఇప్పుడు స్లాబు, లేదా రేకులు. వాటి మీద తెల్ల సున్నమో, తెల్ల రంగో పూస్తే ఇంట్లో 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గవచ్చు. ఇంట్లోనే గుంట మగ్గంలో కూర్చుని పగలంతా చీర నేసే గద్వాల, రాజోలి నేతవారికి ఆ కాస్త తగ్గడం ఎంత పెద్ద విషయమో చెప్పనక్కరలేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేసింది. నివాసాలలో 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికే నిర్బంధం; చిన్న స్థలాల వారి ఇష్టానికి వదిలింది. ఎండకు ఎక్కువగా మాడేది చిన్న ఇల్లే కదా! 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తున్నారు. గోడలు లేచే దశలోనే సజ్జ ఉన్నదా, పడమటి కిటికీకి నీడ ఎట్లా అని ఇంజినీర్లు అడగాలి. స్లాబు పూర్తయ్యాక తెల్ల పూతకయ్యే ఖర్చును చివరి విడతలో కలిపి ఇవ్వాలని గృహనిర్మాణ శాఖను, మూడు జిల్లాల కలెక్టర్లను కోరుతున్నాము. పూత పని ఫిబ్రవరిలోగా జరగాలి. ఏప్రిల్ దాటాక వేస్తే సగం వేసవి అప్పటికే గడిచిపోతుంది.