ఆ దీవిలో 17 మందే: ఒక ఆట, కొన్ని మూలకాలు

2008 డిసెంబరు ఆఖరి రోజుల్లో టోక్యోలో కొమికెట్ జరిగింది. సొంతంగా కామిక్స్, ఆటలు తయారుచేసుకునేవారు ఏటా వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి తమ సరుకు తెచ్చి అమ్ముకునే పెద్ద సంత అది. ఆ సంతలో 'ఉమినెకో నో నాకు కొరో ని' అనే కంప్యూటర్ ఆట నాలుగో భాగం విడుదలైంది. 'సీగల్ పక్షులు అరిచే వేళ' అని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. ఆ భాగం చివర్లో తెరపై ఎర్ర అక్షరాలతో కనిపించిన ఒక మాట, అప్పటిదాకా ఆటగాళ్లు కట్టుకున్న ఎన్నో సిద్ధాంతాలను ఒక్క దెబ్బతో కూల్చేసింది. ఆ మాట సారాంశం ఇంతే: దీవిలో 17 మందికి మించి మనుషులు లేరు.

ఒక లెక్కకు ఇంత బలం ఎలా వచ్చిందో తెలియాలంటే ఆట నియమాలు కొంచెం తెలియాలి. కథ 1986 అక్టోబరు 4న మొదలవుతుంది. రొక్కెన్‌జిమా అనే ఊహాజనిత దీవిలో ఉషిరోమియా అనే సంపన్న కుటుంబం ఆస్తి పంపకాల గొడవతో సమావేశమవుతుంది. తుఫాను వల్ల రాకపోకలు ఆగిపోతాయి. ఒకరి తర్వాత ఒకరు, లోపల గడియ వేసిన గదుల్లో శవాలై కనిపిస్తారు. ఇదంతా తన మంత్రశక్తి అంటుంది బియాట్రిస్ అనే మంత్రగత్తె. కాదు, ఎవరో మనిషే చేశాడంటాడు మనవడు బాట్లర్. ఆటగాడు చేయాల్సిన పని దాదాపు చదవడమే. నొక్కడానికి మీటలు, తిప్పడానికి తాళాలు లేవు. పజిల్ అంతా బుర్రలోనే నడుస్తుంది.

ర్యూకిషి07 అనే కలం పేరుతో రాసే రచయిత దీన్ని ఎనిమిది భాగాలుగా, 2007 ఆగస్టు నుంచి 2010 డిసెంబరు వరకు, ఆరు నెలలకు ఒకటి చొప్పున విడుదల చేశాడు. మొదటి నాలుగూ ప్రశ్నలు, తర్వాతి నాలుగూ జవాబులు అని పేరు. మధ్యలో వచ్చే ఆరు నెలలూ ఆటగాళ్లవే. పేర్ల జాబితాలు, గదుల పటాలు, తాళంచెవుల లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు వేలమంది.

రెండో భాగంలో ఎర్ర అక్షరాల నియమం వచ్చింది. మంత్రగత్తె ఎర్రగా చెప్పినదేదైనా నిజమే. రుజువు అడగకూడదు. నాలుగో భాగంలో దానికి జోడీగా నీలం అక్షరాలు వచ్చాయి. మనిషే చేశాడని వాదించేవాడు తన వివరణను నీలంలో చెబుతాడు. అది నిజమని నిరూపించక్కర్లేదు. ఎర్ర మాట ఏదీ దాన్ని ఖండించకపోతే చాలు, నిలబడుతుంది. ఖండించడానికి వీలుండే మాటే శాస్త్రీయమైన మాట అని కార్ల్ పాపర్ 1934లో రాసిన పుస్తకం గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. కళాశాల పాఠంలో నిద్రపుచ్చే ఆ సూత్రాన్ని ఇక్కడ కుర్రాళ్లు హత్యల దర్యాప్తు కోసం ఇష్టంగా వాడుకున్నారు.

(ఆట ఆడదలచినవారు తర్వాతి పేరా వదిలేసి ముందుకు వెళ్లవచ్చు.)

ఇలాంటి కథల్లో మొదట తోచే ఊహ ఒకటుంటుంది. ఎవరికీ తెలియని మనిషి, 'ఎక్స్', దీవిలో దాక్కుని ఉన్నాడని. మూడో భాగంలోనే ఎర్ర మాట దీన్ని అడ్డుకుంది: దీవిలో 18 మందికి మించి లేరు. కథలో పేర్లున్నవారు సరిగ్గా 18 మంది. ఖాళీ లేదు. కానీ పట్టుబట్టి ఆలోచిస్తే ఒక సందు దొరుకుతుంది. గదిలోంచి బయటికే రాని తాత కింజో అసలు బతికే ఉన్నాడా? అతను ముందే చనిపోయి ఉంటే ఒక సీటు ఖాళీ, అందులో ఎక్స్‌ను కూర్చోబెట్టవచ్చు. నాలుగో భాగంలో బాట్లర్ సరిగ్గా ఇదే నీలంలో విసురుతాడు. జవాబు ఎర్రగా వస్తుంది: అవును, కింజో ముందే చనిపోయాడు. కాబట్టి మనుషులు 17 మందే. ఊహలో సగం నిజమైంది, ఆ నిజమే మిగతా సగాన్ని చంపేసింది.

భౌతికశాస్త్రం ఈ ఆటను ఒకటికి మూడుసార్లు ఆడింది. మొదటిసారి ఆటస్థలం మన గుంటూరు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ అక్కడికి వచ్చాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని విడదీసి, మెరిసే గీతలను చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో నార్మన్ లాకియర్ సూర్యుడి కాంతిలోని ఒక పసుపు గీతను కొలిచాడు. అది సోడియం గీతల దగ్గరే ఉంది, కానీ వాటితో కలవలేదు. తెలిసిన మూలకం ఏదీ ఆ గీతను ఇవ్వడం లేదు. అంటే తెలియని మూలకం ఒకటుంది, ఎక్స్. దానికి హీలియం అని పేరు. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే గీతను పట్టుకున్నాడు.

ఆ విజయం తర్వాత ఎక్స్‌లను పెట్టుకోవడం సులువైంది. 1869 గ్రహణంలో కరోనాలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. తెలిసినదేదీ కాదు, కాబట్టి కొత్త మూలకం, కరోనియం. నీహారికల్లో విలియం హగిన్స్ 1864లోనే చూసిన ఆకుపచ్చ గీతలకు నెబ్యూలియం. హీలియం విషయంలో చేసిన తర్కమే ఇక్కడా చేశారు, అంతే నిజాయితీగా చేశారు. రెండూ తప్పని తేలాయి.

తేల్చినది ముందుగా కొత్త గీతలు కాదు, సీట్ల లెక్క. 1913–14లో హెన్రీ మోస్లీ ఎక్స్‌రేలతో మూలకాలకు వరుస సంఖ్యలు ఇచ్చాడు. అల్యూమినియం నుంచి బంగారం దాకా కొలిచి, ఏ సీటులో ఎవరున్నారో, ఏది ఖాళీయో చూపించాడు. హైడ్రోజన్ సంఖ్య 1. ఒకటికి ముందు సీటు లేదు. ఒకటికీ రెండుకూ మధ్య సగం సీటు ఉండదు. హైడ్రోజన్ కంటే తేలికైన కరోనియం అని ఎవరైనా అంటే, దీవిలో చోటు లేదని జవాబు. ఇక తెలిసినవారిలోనే ఎవరో వేషం మార్చారని వెతకాలి. 1927లో ఇరా బోవెన్ నెబ్యూలియం వేషం విప్పాడు. అది రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆక్సిజన్. నీహారిక వాయువు భూమ్మీది ప్రయోగశాలల్లో సాధించలేనంత పలుచగా ఉండటం వల్ల ఆ గీత అక్కడే వెలుగుతుంది. 1940 ప్రాంతంలో వాల్టర్ గ్రోట్రియాన్, బెంగ్ట్ ఎడ్లెన్‌ల పరిశోధన కరోనియం గుట్టు బయటపెట్టింది. అది మామూలు ఇనుమే, కాకపోతే 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము. అన్ని పోవాలంటే కరోనా పది లక్షల డిగ్రీలకు పైగా వేడెక్కి ఉండాలి. దాని కింద ఉన్న సూర్యుడి ఉపరితలమేమో ఆరువేల డిగ్రీలకు లోపే.

పోలిక ఇక్కడిదాకానే. ప్రకృతి ఎర్ర అక్షరాల్లో మాట్లాడదు. మోస్లీ వరుస కూడా మొదట నీలమే. వందల కొలతలు తగిలినా చెదరకపోవడంతో మెల్లగా ఎర్రబడింది. ఆటలో ఇంకో పోలిక కూడా పదేపదే వస్తుంది, మూసిన పెట్టెలో పిల్లి. ఎవరూ తెరిచి చూడనంతవరకు లోపల మంత్రగత్తె కథ, హంతకుడి కథ రెండూ ఉంటాయంటారు. ష్రోడింగర్ 1935 పిల్లిని ఇలా లాగడం భౌతికశాస్త్రం చదివినవారికి చిరాకు తెప్పిస్తుంది. ఆ దీవిలో జరిగినది ఒకటే, మనకు తెలియదు అంతే. క్వాంటం స్థితుల సంగతి వేరు. అక్కడ రెండు అవకాశాలూ ఒకదానితో ఒకటి కలిసి, కొలవగలిగే ఫలితాన్నే మారుస్తాయి. తెలియకపోవడం వేరు, ఇది వేరు.

2010 డిసెంబరు 31న ఎనిమిదో భాగం వచ్చింది. హంతకుడు ఫలానా, ఇలా చేశాడు అనే పట్టిక అందులో లేదు. చివర్లో ఆటగాడు 'మంత్రం', 'కిటుకు' అనే రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, అంతే. పైగా ఆ భాగంలో నిజాన్ని నమిలి తినే మేకల గుంపు ఒకటి వస్తుంది. తమనే వెక్కిరించారని చాలామంది ఆటగాళ్లకు అనిపించింది. మూడేళ్లకు పైగా ఎదురుచూసినవారికి కోపం రాదా? తర్వాత వచ్చిన కామిక్ రూపంలో వివరణ చాలావరకు బాహాటంగా ఇచ్చారు.

సైన్సులో మాత్రం ఎవరు జవాబు పత్రం ఇస్తున్నారు అని రచయిత పక్షాన వాదించవచ్చు. ఆ వాదన సగమే నిలబడుతుంది. లాకియర్‌కు మరో గ్రహణం వచ్చింది, రామ్సేకు ఖనిజం దొరికింది. కొత్త దత్తాంశం వస్తుందనే భరోసా మీదే శాస్త్రవేత్త జవాబు లేకుండా బతకగలడు. ఎనిమిదో భాగం తర్వాత ఆటలో తొమ్మిదోది లేదు. సాక్ష్యం తలుపు మూసేసి, మీరే ఆలోచించండి అనడం న్యాయమైన పరీక్ష కాదు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే ఆ కోపం మాటున, మధ్యలో గడిచిన ఆరేసి నెలలు ఎంత విలువైనవో చాలామంది మరిచిపోయారు.

ఆ విరామం ఇప్పుడు లేదు. 2016, 2017లో అధికారిక ఇంగ్లిషు రూపం రెండు కట్టలుగా వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఆడేవారు ఎక్కడైనా చిక్కుకుంటే అయిదు నిమిషాల్లో జవాబు వెతికి చదివేసుకోవచ్చు. మన డిగ్రీ ల్యాబులు ఎప్పటినుంచో ఇలాగే నడుస్తున్నాయి. లోలకం ఊపకముందే జవాబు 9.8 అని అందరికీ తెలుసు. 9.3 వస్తే దారం పొడవు తప్పు కొలిచామా, గడియారం ఆలస్యంగా నొక్కామా అని వెతికే విద్యార్థి తక్కువ, రికార్డులో అంకె దిద్దేవాడు ఎక్కువ. అతన్ని తప్పుపట్టి లాభం లేదు, మార్కులు అంకెకే వేస్తారు మరి. తనకు తోచిన వివరణను నీలంలో రాసి, దాన్ని పడగొట్టగల కొలత ఏదో కూడా పక్కనే రాయమని ఒక్క ప్రయోగానికైనా అడిగితే, ఆ రికార్డు పుస్తకం చదవడానికి అధ్యాపకులకూ ఆసక్తిగా ఉంటుంది.

ఇక ఆ ఆకుపచ్చ గీత పేరు తెలిసింది గానీ దాని కథ ముగియలేదు. కరోనా అంత వేడెలా ఎక్కుతుందన్న దానికి అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా లేదు. అయస్కాంత తరంగాలని కొందరు, లెక్కలేనన్ని చిన్న విస్ఫోటాలని కొందరు వాదిస్తున్నారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో బెంగళూరు ఖగోళభౌతిక సంస్థ తయారుచేసిన పరికరం ఒకటుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, గ్రహణం కోసం ఎదురుచూడక్కర్లేకుండా సూర్యబింబాన్ని తానే కప్పుకుని, అది చూసే గీతల్లో 530.3 నానోమీటర్ల ఆ ఆకుపచ్చ గీత కూడా ఉంది.